కోర్సు ఇంగ్లిష్‌లో... కొలువు ఇటాలియన్‌లో!

‘కోర్సంతా ఇంగ్లిష్ మీడియమే. ఇటాలియన్ రాకపోయినా ఫర్వాలేదు’. ఇటలీలో పీజీ చేద్దామని వాకబు మొదలుపెట్టగానే మీ చెవిన పడే మొదటి మాట ఇదే. కన్సల్టెన్సీ వాళ్లు చెప్తారు, యూట్యూబ్‌లో చెప్తారు, నిరుడు వెళ్లిన సీనియర్ కూడా చెప్తాడు. అబద్ధమేం కాదు. అడ్మిషన్ వరకు, క్లాసుల వరకు, పరీక్షల వరకు అది నిజమే. కానీ మీరు వెళ్తున్నది పరీక్షలు పాసై తిరిగి రావడానికి మాత్రమే కాదు కదా! అద్దె గది, పార్ట్‌టైమ్ పని, ఇంటర్న్‌షిప్, చివరికి ఉద్యోగం... వీటిలో ఏదీ ఒక్క ఇంగ్లిష్‌తో సులువుగా దొరకదు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండి ఇటలీ వైపు చూస్తున్నారా? అయితే లోన్ కాగితాలతో పాటు భాష సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి.

తొలి పరీక్ష పోస్టాఫీసులో

ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దాన్ని ‘పెర్మెస్సో ది సొజ్జోర్నో’ అంటారు. దరఖాస్తు కిట్ ఇచ్చేది పోస్టాఫీసు. అదీ అన్నిచోట్లా కాదు, ‘స్పోర్తెల్లో అమీకో’ అనే కౌంటర్ ఉన్నచోటే. ఫారం ఇటాలియన్‌లో ఉంటుంది. దానికి 16 యూరోల రెవెన్యూ స్టాంపు కావాలి. ఆ స్టాంపు కోసం సిగరెట్లు అమ్మే కొట్టుకెళ్లాలి! ఇంగ్లిష్ ‘టి’ అక్షరం బోర్డు కనిపిస్తే అదే ‘తబక్కి’. బస్ టికెట్లు కూడా అక్కడే అమ్ముతారు. దరఖాస్తు తీసుకున్నాక కౌంటర్‌లో రసీదు, అపాయింట్‌మెంట్ తేదీ ఇస్తారు. ఆ రోజు పోలీసు శాఖ కార్యాలయమైన ‘క్వెస్తూరా’కు వెళ్లి వేలిముద్రలు వేయాలి. అసలు కార్డు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆ రసీదు ముక్కే మీకు ఆధారం. పోగొట్టుకోకండి.

వీటిలో ఏ మెట్టు దగ్గరైనా ఎదుటివారికి ఇంగ్లిష్ వస్తుందన్న భరోసా లేదు. గది అద్దె ప్రకటన చూస్తే ‘స్పేసె ఎస్‌క్లూసె’ అని ఉంటుంది. అంటే కరెంటు, గ్యాసు, మెయింటెనెన్స్ ఖర్చులు అద్దెలో కలవలేదని. ‘కపార్రా’ అంటే అడ్వాన్స్. ఈ రెండు మాటలు తెలియకపోతే మొదటి నెల బడ్జెట్ మొత్తం తారుమారవుతుంది.

స్కాలర్‌షిప్ మెలిక

ఇటలీ వైపు మనవాళ్లు మొగ్గడానికి అసలు కారణం డబ్బే అని ఒప్పుకుందాం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి మారుతుంది. ఆదాయం బాగా తక్కువైతే దాదాపు ఏమీ కట్టక్కర్లేదు. దీనికి తోడు ప్రాంతీయ ప్రభుత్వాలిచ్చే స్కాలర్‌షిప్ ఉంది. మొదటి ఏడాది అది ప్రధానంగా చూసేది మార్కులను కాదు, ఇంటి ఆర్థిక పరిస్థితిని. విదేశీ విద్యార్థులూ అర్హులే. ఆదాయం, ఇల్లు, బ్యాంకు నిల్వల పత్రాలను ఇటాలియన్‌లోకి అనువదించి, అపోస్టిల్ చేయించి తీసుకెళ్లాలి. ఈ పని ఆగస్టులో హడావుడిగా మొదలుపెట్టి, సంతకాల కోసం నాన్నను ఆఫీసుల చుట్టూ తిప్పేవాళ్లే ఎక్కువ. వేసవిలోనే ముగించండి.

ఇక మెలిక. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ మొత్తం ఒకేసారి రాదు. చాలా ప్రాంతాల నిబంధనల ప్రకారం ఆగస్టు 10 నాటికి కనీసం 20 క్రెడిట్లు సంపాదిస్తేనే మిగతా సగం ఇస్తారు. నవంబరు 30 నాటికి కూడా అవి రాకపోతే స్కాలర్‌షిప్ రద్దవుతుంది. తీసుకున్నది తిరిగి కట్టాలి! ఏడాదికి 60 క్రెడిట్లు ఉండే చదువులో 20 అంటే చిన్న సంఖ్యే అనిపిస్తుంది. కానీ తొలి సెమిస్టర్‌లో సగం రోజులు పర్మిట్‌కు, గది వేటకు, జ్వరానికి పోతాయి.

అక్కడి పరీక్షల పద్ధతి కూడా మనకు కొత్త. ప్రతి సబ్జెక్టూ 30 మార్కులకు. పాసవ్వాలంటే 18 రావాలి. చాలా సబ్జెక్టుల్లో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో జవాబులు చెప్పాలి. వచ్చిన మార్కులు నచ్చకపోతే ‘వద్దు’ అని చెప్పి తర్వాతి విడతలో మళ్లీ రాసే వీలు చాలాచోట్ల ఉంది. మన యూనివర్సిటీల్లో ఊహించలేని సౌకర్యం! ఇక్కడే టాపర్లు బోల్తా పడే ప్రమాదం. 22 వచ్చిందని చిన్నబోయి వద్దనేసి, తర్వాత క్రెడిట్లు చాలక స్కాలర్‌షిప్ పోగొట్టుకోవడం కంటే తెలివితక్కువ పని ఉండదు. మొదటి ఏడాది 22ను కళ్లకద్దుకుని తీసుకోండి.

ఇందులో భాష ఎక్కడుంది అంటారా? ఈ నిబంధనలన్నీ ఉండే నోటిఫికేషన్‌ను ‘బందో’ అంటారు. ప్రామాణికమైన పాఠం ఇటాలియన్‌లోనిదే. ఇంగ్లిష్‌లో ఉంటే చాలాసార్లు అది సారాంశం. ఏటా మారే ఆ కాగితాన్ని, వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పిన మాటను నమ్మకుండా, మీరే చదువుకోగలగాలి.

మనకు ఉన్న సదుపాయం

తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 15వ శతాబ్దంలో మన దేశం తిరిగిన వెనిస్ యాత్రికుడు నికొలో కొంతి ఈ పోలిక పట్టాడని చెబుతారు. మాట ఎవరిదైనా, పోలిక ఉత్త పొగడ్త కాదు. తరగతిలో కూర్చుంటే అది అక్కరకొస్తుంది.

ఇటాలియన్ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మన మాటల్లాగే. వాళ్ల ‘త’, ‘ద’ మన త, దలే. ఇంగ్లిష్ ‘ట’, ‘డ’లు కాదు. ‘పిజ్జా’ అని మనం తప్పు పలుకుతాం కానీ, వాళ్లు పలికే ఆ ధ్వని మనకు తెలిసిందే. ‘చాప’ అనేటప్పుడు పళ్ల దగ్గర వచ్చే ‘చ’ అది. ‘జడ’లోని ‘జ’ కూడా వాళ్లకు ఉంది. ఇంగ్లిష్ వాళ్లు నెలల తరబడి తంటాలు పడే ద్విత్వాలు మనకు ఉగ్గుపాలతో వచ్చాయి. గుడికీ గుడ్డికీ తేడా మనకొకరు చెప్పాలా? ఇటాలియన్‌లో ‘కాసా’ అంటే ఇల్లు, ‘కస్సా’ అంటే డబ్బు కట్టే కౌంటర్. ‘నోనో’ అంటే తొమ్మిదోది, ‘నొన్నో’ అంటే తాతయ్య. వయసు చెప్పేటప్పుడు ఏళ్లకు వాడే ‘అన్ని’లో ద్విత్వం జారిందా, అది బూతైపోతుంది. తరగతి ఒకటే నవ్వు!

క్రియ చివర చూస్తే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ‘వస్తాను’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు కదా. అక్కడా అంతే. ‘పార్లో’ అంటే మాట్లాడతాను, ‘పార్లి’ అంటే మాట్లాడతావు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. స్నేహితుడికి ‘తూ’, ఆఫీసర్‌కు, ఇంటి యజమానికి, పరిచయం లేని పెద్దలకు ‘లేయి’. ఈ మర్యాదలు ఇంగ్లిష్ నుంచి వచ్చినవారికి నేర్పాలి. మనకు ఎక్కడ ఏది వాడాలో మనసుకే తెలుస్తుంది.

కష్టం లేదని కాదు. బల్ల ఆడదా, పుస్తకం మగదా అన్న గొడవ హిందీలో పడ్డ వాళ్లకు తెలుసు. ఇక్కడా అదే. ‘వెళ్లాను’ అనడానికి అబ్బాయి ‘సోనో అందాతో’ అంటాడు, అమ్మాయి ‘సోనో అందాతా’ అంటుంది. హిందీ ‘గయా’, ‘గయీ’ గుర్తు చేసుకోండి. స్పెల్లింగ్‌లో ‘సి’ పక్కన ‘హెచ్’ కనబడగానే ‘చ’ అనేస్తాం, అది ‘క’. ఇలాంటివి రెండు వారాల్లో సర్దుకుంటాయి. లింగాలు మాత్రం ఏడాదైనా వదలవు.

ఎప్పుడు, ఎక్కడ?

సెప్టెంబరులో విమానం ఎక్కేవారు జనవరిలోనే మొదలుపెట్టాలి. రోజూ గంట కూర్చుంటే వెళ్లేలోపు రెండో మెట్టు, అంటే ఏ2 స్థాయి దగ్గరికి రావచ్చు. అక్కడికి వెళ్లాక నేర్చుకుందాంలే అనుకుంటే ఏమవుతుందో పైన చూశారు, క్రెడిట్లే ముందుకొస్తాయి. హైదరాబాద్ ఇఫ్లూలో ఇటాలియన్ బోధించే విభాగం ఉంది. ఢిల్లీ, ముంబయిల్లో ఇటలీ ప్రభుత్వ సాంస్కృతిక కేంద్రాలున్నాయి. యాప్‌లు పదాలు నేర్పుతాయి, నోరు తిప్పించవు. అందుకని వారానికి రెండుసార్లైనా మనిషితో మాట్లాడే ఏర్పాటు చేసుకోండి.

అక్కడికి చేరాక యూనివర్సిటీ భాషా కేంద్రంలో పేరు రాయించుకోండి. వలస వచ్చినవారి కోసం ప్రభుత్వం ‘చీపీయా’ అనే వయోజన విద్యా కేంద్రాలు నడుపుతుంది. నామమాత్రపు ఖర్చుతో భాష నేర్పుతారు. కూరగాయల కొట్టువాళ్లు, వృద్ధులను చూసుకునే ఆయమ్మలు మీ పక్క బెంచీలో ఉంటారు. నామోషీ పడకండి, వాళ్లు మీకంటే ధారాళంగా మాట్లాడతారు. ఇంకో మాట. నలుగురు తెలుగువాళ్లు కలిసి ఫ్లాట్ తీసుకుంటే పప్పు, పచ్చడి దొరుకుతాయి. భాష దొరకదు. కనీసం ఒక సెమిస్టర్ ఇటాలియన్లతో ఉండి చూడండి.

ఉద్యోగం దగ్గర

స్టూడెంట్ పర్మిట్‌తో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 12 నెలల దాకా ఉండొచ్చు. ఆ గడువులోపు ఆఫర్ రావాలి. మిలన్‌లోని బహుళజాతి కంపెనీల్లో, పరిశోధన ల్యాబ్‌లలో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. పీహెచ్‌డీ మీ లక్ష్యమైతే భాష గురించి అంత కంగారు అక్కర్లేదు. కానీ ఇటలీ పరిశ్రమకు వెన్నెముక చిన్న, మధ్యతరహా సంస్థలు. బొలోన్యా చుట్టుపక్కల ప్యాకేజింగ్ యంత్రాలు, మోటార్ విడిభాగాలు చేసేవాళ్లు, బ్రెష్యా, బెర్గమో ఫ్యాక్టరీలు అలాంటివే. మెకానికల్, ఆటోమేషన్ చదివినవారికి అసలు అవకాశాలు అక్కడున్నాయి. షాప్ ఫ్లోర్‌లో ఫోర్‌మన్‌తో మాట్లాడాల్సింది ఇటాలియన్‌లోనే. ఇంటర్వ్యూ నడిపించాలంటే బీ1 దాటి బీ2 వైపు వెళ్లాలి. ‘చేలి’, ‘చిల్స్’ లాంటి సర్టిఫికెట్లు కాగితాల దగ్గర పనికొస్తాయి. ఇటలీ పౌరసత్వానికి సాధారణంగా బీ1 స్థాయి భాష వచ్చని చూపాలి. ఇంటర్వ్యూలో మాత్రం ఐదు నిమిషాల మాటలోనే తేలిపోతుంది. ‘ఇటలీలో చదివి జర్మనీలో ఉద్యోగం’ అనే ప్లాన్ ఉన్నవాళ్లు జర్మన్ మొదలుపెట్టడమే నయం.

మొదట నేర్చుకోవాల్సిన వాక్యం ‘పువో రిపేతెరె, పెర్ ఫవోరె?’ దయచేసి మళ్లీ చెప్తారా అని. మీ తడబాటు చూసి ఎదుటివారు ఇంగ్లిష్‌లోకి మారబోతే, నవ్వుతూ ఇటాలియన్‌లోనే కొనసాగండి. ప్రాక్టీసుకు అన్నిటికంటే చవకైన చోటు రైల్వేస్టేషన్‌లోని బార్. అక్కడ బార్ అంటే కాఫీ హోటల్, ఇంట్లో చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త! ముందు ‘కస్సా’లో డబ్బు కట్టి రసీదు తీసుకోండి, కౌంటర్ దగ్గర ఆ చీటీ పెట్టి ‘ఉన్ కఫ్ఫే, పెర్ ఫవోరె’ అనండి. ‘కఫ్ఫే’లో ‘ఫ’కు ఒత్తు మరిచిపోకండి.