కుండ మీద రేకు, తెర మీద యాడ్

కుండ బోర్లించి ఉంటుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పలచన చేసిన పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులా చాపి పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్క ఊపున లాగుతుంది ఒకావిడ. గుడ్డ అవతలి అంచు దాటేసరికే పిండి ఆరిపోయి పొర అంచులు పైకి లేస్తాయి. వేళ్లతో అందుకుని పక్కన పెడుతుంది. అవతలి వెలుతురు కనిపించేంత పలచన. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, ఆత్రేయపురంలో ఎన్నో ఇళ్లలో రోజూ జరిగే పని ఇది. ఇక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మా బాబాయి కొడుకు పూతరేకుల కొట్టు నడుపుతాడు. లోకల్ కేబుల్లో వేయడానికి ఒక యాడ్ కావాలని సంక్రాంతికి ముందు నా దగ్గరికి వచ్చాడు. "అన్నయ్యా, తీయించాలంటే లక్షలు అడుగుతున్నారు. ఫోనులో రెండు ముక్కలు రాసిస్తే ఏఐయే చేసిపెట్టేస్తుందంట కదా?" అన్నాడు. చూద్దామని ఇద్దరం కూర్చున్నాం.

'ఆత్రేయపురంలో ఒక మహిళ పూతరేకు తీస్తోంది' అని రాశాం. నిమిషంలో వీడియో వచ్చింది. అందులో ఆవిడ పెనం మీద గరిటెతో దోసె పోస్తోంది. బోర్లించిన కుండ, తడి గుడ్డ అని వివరంగా రాసి మళ్లీ అడిగాం. ఈసారి కుండ వచ్చింది, గుడ్డ వచ్చింది. ఆవిడ మాత్రం ఆ గుడ్డతో కుండ తుడుస్తోంది. మూడోసారి పొర లేచింది కానీ రుమాలీ రొట్టెంత మందాన ఉంది. వెనకాల రాజమండ్రి వంతెన కావాలన్నాం. మనకు 1997 నుంచి కళ్లకు అలవాటైన కాంక్రీటు కమానుల రైలు వంతెన బదులు, తీగలతో వేలాడే ఏదో పరాయి వంతెన ప్రత్యక్షమైంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. సాయంత్రపు గోదావరి మీద వెలుగు, రేకు మీద జారే నేతి చుక్క, దాని మెరుపు చూస్తే మా ఇద్దరికీ నోట మాట రాలేదు. అలాంటి షాటు కెమెరాతో తీయాలంటే మంచి లైట్లు, ఓపిక, ఒక పూట కావాలి.

కుండ దగ్గర అంత తప్పు చేసిన యంత్రం నేతి చుక్కను అంత బాగా ఎలా చేసింది? దీనికి జవాబు అది నేర్చుకున్న పద్ధతిలోనే ఉంది. పాత టీవీలో స్టేషను రానప్పుడు తెర నిండా చుక్కల వాన కురిసేది గుర్తుందా? వీడియోలు తయారుచేసే నమూనాలకు ముందు కోట్లాది బొమ్మలు, వీడియోలు చూపిస్తారు. ఒక్కో బొమ్మ మీద అలాంటి చుక్కలు మెల్లమెల్లగా చల్లుతూ, చల్లినవాటిని గుర్తుపట్టి తీసెయ్యడం నేర్పుతారు. నేర్చాక, వట్టి చుక్కల వాన ఇచ్చి మన వాక్యాన్ని జోడిస్తే, ఆ వాక్యానికి తగ్గ బొమ్మ మిగిలేదాకా చుక్కలు తీసేస్తూ పోతుంది. దీన్ని డిఫ్యూజన్ అంటారు. వీడియో అయితే పొడవు, వెడల్పులతో పాటు కాలాన్నీ ముక్కలు చేసి, అన్నిటినీ ఒకేసారి చూస్తుంది. అందుకే ఈ క్షణంలో ఎర్రచీర కట్టుకున్న మనిషి మరుక్షణంలో పచ్చచీరలోకి మారిపోకుండా ఉంటుంది.

అంటే అది బొమ్మను వెతికి తెచ్చివ్వదు. తాను చూసినవాటిలో ఎక్కువసార్లు కనిపించినదాని వైపు మొగ్గుతుంది. నెయ్యి, తేనె, నూనె జారే దృశ్యాలు ప్రపంచమంతటి యాడ్లలో లెక్కలేనన్ని. పెనం మీద దోసె వీడియోలూ అంతే. పూతరేకు తీసే వీడియోలు వాటి ముందు పిడికెడు. ఇక కుండ, తడి గుడ్డ ఒకచోట ఉంటే తుడవడమే దానికి తెలిసిన పని. మంట వేడికి పిండి తడి ఆరిపోతుందన్న సంగతి దానికి అనుభవంలోంచి రాలేదు.

గొంతు సంగతి ఇంకా కష్టం. తెలుగులో మాట్లాడించాం. ఉచ్చారణ శుభ్రంగానే ఉంది, వార్తలు చదివినట్టు. మా వాడికి యాడ్ చివర ఒక ముసలాయన "ఆయ్!" అనాలని కోరిక. గోదావరి జిల్లాల్లో 'ఆయ్' అంటే అవునండి, అలాగేనండి, వింటున్నానండి, మీరు చెప్పాక ఇంకేముందండి. అర్థమంతా సాగదీతలో ఉంటుంది. యంత్రం దాన్ని దెబ్బ తగిలినవాడి అరుపులా పలికింది. చివరికి మా వాడు వాళ్ల నాన్నచేత ఫోనులో చెప్పించి అతికించాడు.

టీవీ యాడ్‌కీ ఈ సాధనాలకీ జోడీ కుదరడానికి ఒక కారణం ఉంది. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. 30 సెకన్ల యాడ్ అంటే 750 ఫ్రేములు, అంతే. పైగా యాడ్‌లో ఒక్కో షాటు సాధారణంగా రెండు మూడు సెకన్లకు మించదు. 2025 మేలో గూగుల్ తెచ్చిన వియో 3 ఒక విడతలో 8 సెకన్ల వీడియోను శబ్దంతో సహా ఇచ్చేది. సినిమాకు ఆ 8 సెకన్లు చాలవు, యాడ్‌కు ఎక్కువే. అది వచ్చిన నెల తిరక్కుండానే, 2025 జూన్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ ఫైనల్స్ మధ్యలో కల్షీ అనే సంస్థ యాడ్ ఒకటి టీవీలో వచ్చింది. మొత్తం వియో 3తో చేసినదే. ఖర్చు సుమారు 2,000 డాలర్లు, అంటే దాదాపు లక్షా డెబ్బై వేల రూపాయలు. పట్టిన కాలం రెండు మూడు రోజులు. ఆ స్థాయి ప్రసారంలో పడే యాడ్‌కు ఇది నమ్మలేనంత చవక.

అయితే దాన్ని తీసిన పీజే అచెట్యూరో చెప్పిన లెక్క చూడండి. మూడు నాలుగు వందల సార్లు వీడియోలు పుట్టించి, వాటిలోంచి 15 ముక్కలు ఏరుకున్నాడు. మిగతావన్నీ చెత్తబుట్టకే. స్క్రిప్టు రాయడంలోనూ ఏఐ సాయం తీసుకున్నాడు. ఏది నవ్విస్తుందో, దేని తర్వాత ఏది రావాలో తేల్చింది మాత్రం అతనే. కోకాకోలా 1995 నాటి తన క్రిస్మస్ లారీల యాడ్‌ను 2024లో ఏఐతో మళ్లీ చేయిస్తే, ప్రాణం లేదని జనం తిట్టిపోశారు. ఆ కంపెనీ మరుసటి ఏడాది మళ్లీ చేయించింది. అప్పుడు 70 వేలకు పైగా క్లిప్పులు పుట్టించి వడకట్టారని వార్తలొచ్చాయి. 2025 డిసెంబరులో నెదర్లాండ్స్ మెక్‌డొనాల్డ్స్ అయితే తన ఏఐ క్రిస్మస్ యాడ్‌ను విమర్శలకు తట్టుకోలేక వెనక్కి తీసుకుంది.

అలాగని యంత్రం ప్రతిసారీ చిత్తుగా ఓడిపోదు. 2016లో జపాన్‌లో మెక్‌కాన్ ఏజెన్సీ ఒక పోటీ పెట్టింది. ఒకే మింట్ బిళ్లకు రెండు యాడ్లు. ఒకదానికి దిశ చూపింది మనిషి, రెండోదానికి బహుమతులు పొందిన పాత యాడ్లను జల్లెడ పట్టిన ఏఐ. తీసింది రెండూ మనుషులే. ఏది ఎవరిదో చెప్పకుండా జనాన్ని ఓటు అడిగితే మనిషికి 54 శాతం, యంత్రానికి 46 శాతం వచ్చాయి. తేడా చిన్నదే. ఆ యంత్రం ఇప్పటివాటి ముందు పసిపిల్ల. కాబట్టి 'యంత్రం ఎప్పటికీ మెప్పించలేదు' అనేవాళ్లతో నేను ఏకీభవించను. మెప్పిస్తుంది. మెచ్చేదాన్ని ఏరే మనిషి పక్కన ఉన్నంతవరకూ.

మెప్పించడం దాటి మోసగించే దాకా పోతే? మొగల్తూరులో పుట్టిన చిరంజీవి ఒకప్పుడు థమ్సప్ సీసా పట్టుకుంటే మన పల్లెల్లో కిళ్లీ కొట్ల దాకా ఆ బొమ్మ వెళ్లింది. ఆ ముఖం వెనక ఒక ఒప్పందం ఉంది, ఆయన అంగీకారం ఉంది. ఇప్పుడు ఆ అంగీకారం లేకుండానే ముఖాన్నీ గొంతునీ పుట్టించవచ్చు. అందుకే 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకుండా రక్షణ తెచ్చుకున్నారు. ఏఐతో పుట్టించిన వీడియోలకు ఆన్‌లైన్‌లో స్పష్టమైన గుర్తు ఉండాలన్న కేంద్ర నిబంధనలు 2026 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాయి.

చిన్న వ్యాపారులు దీనికంటే ముందు తెలుసుకోవాల్సినది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. రేకు మందాన్నో, నేతి ధారనో యంత్రం పెంచి చూపిస్తే 'అది నేను గీయలేదు, ఏఐ గీసింది' అనే సమాధానం నిలవదు. యాడ్ వేయించినవాడే జవాబు చెప్పుకోవాలి. యంత్రం ఏ కోర్టు బోను ఎక్కదు.

మా వాడి యాడ్ చివరికి ఇలా తయారైంది. గోదావరి మీద సాయంత్రం, నేతి చుక్క, సంగీతం యంత్రానివి. మూలన 'కొన్ని దృశ్యాలు ఏఐతో చేసినవి' అని అక్షరాలు. కుండ దగ్గరి దృశ్యం మా పిన్నిది, ఫోనుతో తీసినది. పొగ కాస్త ఎక్కువైంది, చీర కొంగు ఒకచోట అడ్డం వచ్చింది. ఊళ్లో అందరూ గుర్తుపట్టి అడిగింది ఆ ముక్క గురించే.

కాజా, పూతరేకు, ఉప్పాడ చీర, నరసాపురం లేసు, కడియం మొక్క, ఏది అమ్మేవారైనా సరే, వెలుగునీ సంగీతాన్నీ యంత్రానికి వదిలేయండి. పని చేసే చెయ్యిని మాత్రం మీ ఫోనుతో మీరే తీయండి. మూడు సెకన్లు చాలు.