పవిత్ర గ్రెయిల్: భోజన పళ్ళెం పవిత్ర పాత్రగా మారిన క్రమం

పరిచయం

యేసు తన శిష్యులతో చేసిన చివరి రాత్రి భోజనంలో వాడిన పాత్రను పాశ్చాత్య సంప్రదాయం ‘హోలీ గ్రెయిల్’ అని పిలుస్తుంది. సిలువపై కారిన ఆయన రక్తాన్ని కూడా ఈ పాత్రలోనే పట్టారని కథనం. ఇది మొదటి శతాబ్దం నుంచి నమ్మకంలో ఉన్న అవశేషమని చాలామంది భావిస్తారు. కాని ఆధారాలను కాలక్రమంలో పేర్చి చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. గ్రెయిల్ మొదట కావ్యంలో పుట్టింది, ఆ తరువాతే అవశేషమయింది. ఈ మార్పు ఎలా జరిగింది, దాని అర్థం ఏమిటి అనే విషయాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

సువార్తలలో ఏముంది?

చివరి భోజనంలో యేసు ద్రాక్షారసం ఉన్న పాత్రను శిష్యులకు ఇచ్చాడని సువార్తలు చెబుతాయి. తెలుగు బైబిలులో దీనిని ‘గిన్నె’ అన్నారు. అది ఏ లోహంతో చేసినదో, భోజనం తరువాత ఏమయిందో సువార్తలు చెప్పవు. అరిమతయియ యోసేపు పిలాతు అనుమతితో యేసు దేహాన్ని సమాధి చేశాడని మాత్రం నాలుగు సువార్తలలోనూ ఉంది. అతడు రక్తాన్ని పాత్రలో పట్టాడన్న మాట వాటిలో ఎక్కడా లేదు.

తొలి ప్రస్తావన

గ్రెయిల్ కథ మనకు దొరికే తొలి రచన ఫ్రెంచి కవి క్రెట్యెన్ ద త్రువా రాసిన ‘పెర్సివాల్’. ఇది 1180–1190 ప్రాంతపు కావ్యం. కవి దీనిని పూర్తి చేయలేదు. ‘గ్రాల్’ అనేది అప్పటి ఫ్రెంచిలో మామూలు మాట. సంపన్నుల ఇళ్ళలో భోజనం వడ్డించే వెడల్పైన, కొంచెం లోతుగా ఉండే పళ్ళేనికి ఆ పేరు.

కథలో పెర్సివాల్ అనే యువ యోధుడు గాయంతో నడవలేని జాలరి రాజు కోటలో అతిథి అవుతాడు. భోజనవేళ రక్తం కారుతున్న ఈటెను ఒక యువకుడు, మణులు పొదిగిన బంగారు గ్రాల్‌ను ఒక యువతి పట్టుకొని అతని ఎదుటనుంచి వెళతారు. ఎక్కువగా మాట్లాడవద్దని గురువు చెప్పిన మాట గుర్తుంచుకొని పెర్సివాల్ ఏమీ అడగడు. గ్రాల్‌తో ఎవరికి వడ్డిస్తున్నారని అడిగి ఉంటే రాజు కోలుకొనేవాడని అతనికి తరువాత తెలుస్తుంది. అందులో ఉన్నది చేప కాదని, రాజు తండ్రికి ప్రాణాధారమైన ఒకే ఒక్క పవిత్ర అప్పమని ఒక సన్యాసి వివరిస్తాడు. ఇక్కడ అప్పం పవిత్రమైనదే. కాని ఆ పళ్ళేనికి యేసు భోజనంతో సంబంధం ఉన్నట్లు కవి చెప్పలేదు.

పళ్ళెం నుంచి పవిత్ర పాత్రకు

ఆ సంబంధాన్ని కలిపినవాడు రాబర్ట్ ద బోరోన్. 1200 ప్రాంతంలో ఇతడు రాసిన కావ్యంలో గ్రెయిల్ చివరి భోజనపు పాత్ర అయింది. యోసేపు యేసు రక్తాన్ని అందులోనే పట్టాడు. రొట్టె, ద్రాక్షారసాలు క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయన్న సిద్ధాంతంపై చర్చలు సాగుతున్న కాలమది. 1215లో నాలుగవ లాటరన్ మహాసభ ఆ సిద్ధాంతాన్ని ధ్రువీకరించింది. ఆనాటి భక్తికి ఈ కథ సరిగ్గా సరిపోయింది.

అయితే అందరు కవులూ ఈ రూపాన్నే స్వీకరించలేదు. జర్మన్ కవి వోల్‌ఫ్రామ్ ఫాన్ ఎషెన్‌బాఖ్ కావ్యంలో గ్రెయిల్ ఒక రాయి. కోరిన ఆహారం ఇచ్చే పాత్రలు కెల్టిక్ పురాణాలలో ఉన్నాయి. అవి మన అక్షయపాత్ర వంటివి. గ్రెయిల్ మూలం అక్కడే ఉందని ఆర్. ఎస్. లూమిస్ వంటి పండితులు వాదించారు.

కథ వెంట వచ్చిన వస్తువులు

ఇటలీలోని జెనోవాలో ఆకుపచ్చని పాత్ర ఒకటి ఉంది. 1101లో సిజేరియా పట్టణాన్ని పట్టుకొన్నప్పుడు అది లభించిందని చరిత్రకారుడు విలియం ఆఫ్ టైర్ రాశాడు. అతడు దానిని విలువైన పచ్చగానే వర్ణించాడు. గ్రెయిల్ కావ్యాలు వ్యాపించిన తరువాత, 13వ శతాబ్దం చివరలో, అది గ్రెయిల్‌గా ప్రసిద్ధికెక్కింది. 1806లో నెపోలియన్ ప్రభుత్వం దానిని పారిస్‌కు తరలించింది. 1816లో తిరిగి వచ్చేటప్పటికి అది పగిలి ఉంది. అది పచ్చ కాదు, గాజు అని తేలింది.

స్పెయిన్‌లోని వలెన్సియా కెథడ్రల్‌లో 15వ శతాబ్దం నుంచి అగేట్ రాతి గిన్నె ఒకటి ఉంది. దాని పిడులు, పీఠం మధ్యయుగంలో అమర్చినవి. 1982లో రెండవ జాన్ పాల్, 2006లో పదహారవ బెనెడిక్ట్ పోపులు అక్కడ ఈ గిన్నెతో పూజ చేశారు. అయినా గ్రెయిల్ కథను కాథలిక్ సంఘం తన సిద్ధాంతంగా ఎన్నడూ ప్రకటించలేదు.

అర్థం

గ్రెయిల్ చారిత్రక వస్తువు కాకపోతే దానికి విలువ లేనట్లేనా? కాదు. క్రెట్యెన్ కథలో పెర్సివాల్ చేసిన లోపం పాత్రను సంపాదించలేకపోవడం కాదు. బాధపడుతున్న మనిషి ఎదుట మర్యాద కోసం మౌనంగా ఉండిపోవడం. వోల్‌ఫ్రామ్ కావ్యంలో ఇది మరింత స్పష్టం: నాయకుడు చివరికి రాజును నీ బాధ ఏమిటని అడుగుతాడు, రాజు స్వస్థుడవుతాడు. ఇతర కవులు నిర్మల జీవనాన్ని, దైవకృపను గ్రెయిల్‌లో చూశారు. పాత్ర దొరికిందా లేదా అన్న ప్రశ్నలోనే ఆగిపోతే ఈ అర్థాలు మనకు అందవు.

సారాంశం

మామూలు పళ్ళెం పేరు కావ్యంలో చేరింది. మరో కవి దానిని సువార్త కథతో కలిపాడు. ఆ తరువాత భక్తులు అప్పటికే ఉన్న వస్తువులలో దానిని గుర్తించారు. ఏ అవశేషాన్ని గురించి చదివినా వస్తువు వయస్సును, దాని కథ వయస్సును వేరువేరుగా పరిశీలించండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ‘గ్రాల్’ అనే మాటకు తొలి అర్థం ఏమిటి?
2. రాబర్ట్ ద బోరోన్ కథలో తెచ్చిన మార్పును వివరించండి.
3. జెనోవా పాత్ర చరిత్ర ‘కథ ముందు, అవశేషం తరువాత’ అన్న వాదాన్ని ఎలా బలపరుస్తుంది?