మెదడు అలల పేర్లు

మెదడు పనిచేయు తీరును గీతలుగా చూపు పటమును ఇ.ఇ.జి. యందురు. దానిపై "డెల్టా", "ముల్లు" అని వ్రాసియుండుట చూచి, పిల్లవానికి పిచ్చి పట్టినదని దిగులుపడువారు కలరు. కావున ఆ మాటల యర్థమును నేను విన్నవింపదలచితిని.

మెదడులోని కణములు అత్యల్పమైన విద్యుత్తును పుట్టించును. దీనిని జర్మనీలో యేనా పట్టణపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనుష్యుని తలమీదినుండి గుర్తించి, 1929లో ప్రకటించెను. యంత్రము ఈ విద్యుత్తును గ్రహించునే కాని, తలలోనికి విద్యుత్తును పంపదు, తలపులను చదువజాలదు.

అలల పేర్లు గ్రీకు అక్షరములు. మేల్కొని కన్నులు మూసి నెమ్మదిగా నున్నపుడు, తల వెనుక భాగమున సెకనుకు 8 మొదలు 13 వరకు లేచునవి ఆల్ఫా. అంతకంటె వేగమైనవి బీటా. 4 మొదలు 8 లోపల నుండునవి తీటా. 4 కంటె తక్కువైనవి డెల్టా. ఇవి లెక్కను తెలుపు పేర్లే గాని రోగముల పేర్లు కావు. పొలమున నిలిచిన నీరు నాట్లకు మేలు, కోతలకు కీడు. అట్లే డెల్టా గాఢనిద్రలో అందరికిని సహజము. పెద్దవారు మేల్కొనియుండగా ఒక్కచోటనే అది విడువక కనబడినచో వైద్యుడు కారణము వెదకును.

"ముల్లు" అనగా సెకనులో పదునాల్గవ వంతు లోపల మొనదేరి లేచి పడు గీత. ఇది పలుమారు మూర్ఛ స్వభావమును సూచించును. చదువు నడుమ కొన్ని క్షణములు చూపు నిలిచి, పలుకక, మరల తేరుకొను పిల్లలు కొందరు కలరు. పరాకని వారిని దండింతురు. అట్టివారి పటములో ముల్లును అలయు జతగా సెకనుకు మూడుసార్లు వచ్చుచుండుటను 1935లో అమెరికాలోని బోస్టనునందు గిబ్స్, డేవిస్, లెనాక్స్ అను వైద్యశాస్త్రజ్ఞులు తెలిపిరి. అది పరాకు కాదు. మందులకు లొంగు మూర్ఛ.

అయినను పటమొక్కటే తీర్పు కాదు. మూర్ఛ కలవారికిని ఒక్కొక్కప్పుడు పటము సరిగానే యుండును. మూర్ఛ యెరుగని కొందరికిని ముల్లు కనబడవచ్చును. కావున పటము బాగున్నదని మందు మానరాదు. ముల్లున్నదని పెండ్లి మానరాదు. హిందూ వివాహ చట్టమున మూర్ఛను అడ్డంకిగా చెప్పిన మాట 1999లో తొలగింపబడినది.

పటమును చదువుట వైద్యుని పని. మూర్ఛ యెట్లు మొదలైనదో, ఎంతసేపుండెనో, చూచినది చూచినట్లు ఆయనకు చెప్పుట మన పని.