ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఇద్దరు

ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ 1899లో మొదలైంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1977 దాకా రాలేదు. ఒలింపిక్స్‌లో ఈ ఆటకు పతకాలు ఇవ్వడం 1992లో గానీ మొదలు కాలేదు. అందుకే చాలాకాలం పాటు ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడినే ప్రపంచ విజేతగా లెక్కించారు. ఇంత సుదీర్ఘ చరిత్రలో అక్కడ సింగిల్స్ కప్పు ఎత్తిన భారతీయులు ఇద్దరే. 1980లో ప్రకాశ్ పదుకొణె, 2001లో పుల్లెల గోపీచంద్.

ఇద్దరిలో ఎవరు గొప్ప అనే మాట వస్తే తెలుగువాళ్ల మొగ్గు గోపీ వైపే ఉంటుంది. నాగండ్లలో పుట్టి, హైదరాబాద్‌లో ఆట దిద్దుకున్నవాడు మరి. కానీ ఆటగాడిగా మాత్రమే చూస్తే ప్రకాశే పెద్దవాడు, ఇందులో నాకు సందేహం లేదు. 1971 నుంచి వరసగా 9 సార్లు జాతీయ ఛాంపియన్. 1978లో ఎడ్మంటన్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం. 1980లో డెన్మార్క్, స్వీడన్ ఓపెన్‌లు, ఆల్ ఇంగ్లండ్, దాంతోపాటు ప్రపంచ నంబర్ వన్ స్థానం. 1981లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్, 1983లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. గోపీ ఖాతాలో 1996 నుంచి 2000 దాకా 5 జాతీయ టైటిళ్లు, 1998 కామన్వెల్త్ సింగిల్స్ కాంస్యం, వాటన్నిటి మీదా ఆ ఒక్క ఆల్ ఇంగ్లండ్. అంకెలు తేల్చేది ఇంతవరకే. ఆ ఒక్క కప్పు కోసం ఎవరు దేన్ని దాటి వచ్చారన్నది వాటిలో కనపడదు.

ప్రకాశ్‌కు చిన్నప్పుడు కోర్టు అంటే బెంగళూరులో కెనరా యూనియన్ వాళ్ల పెళ్లి మండపం. పెళ్లి ఉన్న రోజు ఆట ఉండదు. బడి వదలగానే పిల్లలు వెళ్లి, ఆ రోజు ఏ శుభకార్యమూ లేదని తెలిస్తే లోపలికి పరుగు తీసేవాళ్లు. ఆట చూపించింది తండ్రి రమేశ్ పదుకొణె. దేశంలో తనకు సాటివచ్చేవాడు లేకుండా పోయాక కూడా, బయట ఇండోనేషియా వాళ్లతో తలపడటానికి సరిపడా సాధన ఇక్కడ దొరికేది కాదు. ఆ లోటును ఆయన మణికట్టుతోనూ బుర్రతోనూ పూడ్చుకున్నారు.

1980 మార్చిలో వెంబ్లీలో జరిగిన ఫైనల్ అందుకు సాక్ష్యం. అవతల ఇండోనేషియా ఆటగాడు లిమ్ స్వీ కింగ్, అంతకు ముందు రెండేళ్లూ అక్కడ విజేత, గాల్లోకి లేచి కొట్టే స్మాష్‌కు పేరుపడ్డవాడు. ప్రకాశ్ అతనితో బలానికి పోలేదు. వేగం తగ్గించారు. ఒకసారి వెనక గీత దాకా లేపడం, మరోసారి స్మాష్ కొట్టబోతున్నట్టు చేయి ఎత్తి నెట్ అవతల మెత్తగా వదలడం. కింగ్‌కు తనకు నచ్చిన ఎత్తులో షటిల్ దొరకలేదు. 15-3, 15-10తో మ్యాచ్ ముగిసింది.

అప్పటి లెక్క తెలిస్తే ఆ 3 విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ ఎవరికో ఒకరికి పాయింటు వస్తుంది, గేమ్ 21కి. అప్పట్లో సర్వీస్ చేసేవాడికి మాత్రమే పాయింటు. ఎదుటివాడి సర్వీస్‌లో ర్యాలీ గెలిస్తే దక్కేది సర్వీస్ హక్కే. కింగ్ లాంటివాడు ఒక గేమ్ మొత్తంలో 3 పాయింట్ల దగ్గర ఆగిపోయాడంటే, సర్వీస్ తన చేతికి వచ్చిన దాదాపు ప్రతిసారీ దాన్ని నిలుపుకోలేకపోయాడని అర్థం.

ఒక అభ్యంతరం నిజాయితీగా చెప్పుకోవాలి. 1980 నాటికి చైనా అంతర్జాతీయ సమాఖ్యలో లేదు, 1981లో చేరింది. చైనా ఆటగాళ్లు లేని టోర్నీ కదా అనే వాదనకు ప్రకాశ్ మరుసటి ఏడాదే రాకెట్‌తో జవాబిచ్చారు. 1981 ప్రపంచ కప్ ఫైనల్‌లో, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయిన చైనా ఆటగాడు హాన్ జియాన్‌ను 15-0, 18-16తో ఓడించారు. ఆ దశలో ఆయన డెన్మార్క్‌లో ఉండి ఆడుతున్నారు. రోజూ తన స్థాయివాళ్లతో సాధన కావాలంటే దేశం వదలాల్సి వచ్చింది. ఒలింపిక్స్ తలుపు తెరుచుకునేసరికి ఆయన ఆట ముగిసిపోయింది.

గోపీకి అడ్డుపడింది వేరు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి ముందరి లిగమెంట్ తెగింది. తొడ ఎముకా కింది కాలి ఎముకా ఒకదానిపై ఒకటి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. నెట్ వైపు ఒక్క అంగలో దూకి, ముందు కాలి మీద ఆగి, వెంటనే వెనక్కి మళ్లడం బ్యాడ్మింటన్‌లో క్షణక్షణం చేసే పని. ఆ ఆగడం, ఆ మళ్లడం మోకాలి మీదే పడతాయి. అలాంటి కాలుకు ఒకటికి మించి శస్త్రచికిత్సలు జరిగాక జాతీయ ఛాంపియన్ కావడమే గొప్ప. కానీ 2001లో బర్మింగ్‌హామ్‌లో అతను సిడ్నీ ఒలింపిక్ విజేత జీ షిన్‌పెంగ్‌ను ఓడించాడు. సెమీస్‌లో డెన్మార్క్ మేటి పీటర్ గేడ్‌ను 17-14, 17-15తో దాటాడు. గేమ్ 15కే అయినా 14-14 దగ్గర సమమైతే 17 దాకా పొడిగించుకునే వీలుండేది, రెండు గేములూ అక్కడి దాకా వెళ్లాయి. ఫైనల్‌లో చెన్ హాంగ్‌పై 15-12, 15-6. చైనా తన పూర్తి బలంతో ఉన్న కాలమది. ఒక్క వారాన్నే తీసుకుని పోలిస్తే నేను గోపీ వారాన్నే ముందు పెడతాను.

ఆ గోపీ సాధన చేసిన చోట్లలో, 1994లో ప్రకాశ్ బెంగళూరులో పెట్టిన అకాడమీ ఒకటి. తాను డెన్మార్క్ వెళ్లి వెతుక్కున్నదాన్ని ప్రకాశ్ ఇక్కడి పిల్లలకు ఇక్కడే అందించే పని పెట్టుకున్నారు. గోపీ అదే పనిని ఇంకా పట్టుదలగా చేశాడనిపిస్తుంది. శీతల పానీయం ప్రకటనను కాదన్న మనిషి, ప్రభుత్వం గచ్చిబౌలిలో ఇచ్చిన 5 ఎకరాల్లో అకాడమీ కట్టడానికి సొంతిల్లు తాకట్టు పెట్టాడు. 2008లో అది తెరుచుకుంది. తెల్లవారకముందే కోర్టులోకి దిగడం, తిండి మీద కాపలా, గాయం కాకముందే ఒంటిని సిద్ధం చేసే వ్యాయామం అక్కడి పద్ధతి. రియో ఒలింపిక్స్‌కు ముందు తన శిష్యురాలు పి.వి. సింధు ఫోన్ తీసేసుకున్నాడని, ఐస్‌క్రీమ్ మాన్పించాడని అందరికీ తెలిసిందే. ఒళ్లు మోసం చేస్తే ఎంత పోతుందో అనుభవించినవాడి కఠినత్వంగానే నేను దాన్ని చూస్తాను. 2012 ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం, 2016లో సింధుకు రజతం ఆ కోర్టుల నుంచే వచ్చాయి.

రెండు చోట్లకూ మధ్య పిల్లలు అటూ ఇటూ నడిచారు కూడా. సైనా 2014లో బెంగళూరు వెళ్లి, ప్రకాశ్ అకాడమీ కోచ్ విమల్ కుమార్ దగ్గర సాధన చేసింది. 2015లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ చేరింది, ప్రపంచ నంబర్ వన్ అయింది, 2017లో మళ్లీ గోపీ దగ్గరకు వచ్చింది. 2022లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ ఆడిన లక్ష్యసేన్ కూడా ప్రకాశ్ అకాడమీలో పెరిగినవాడే. ఇద్దరూ ఫైనల్‌లో ఓడారు.

అదే 2022 మే నెలలో బ్యాంకాక్‌లో భారత్ మొదటిసారి పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్ ఫైనల్ ఆడింది. ఎదురుగా 14 సార్లు గెలిచిన ఇండోనేషియా. తొలి మ్యాచ్ లక్ష్యసేన్ గెలిచాడు. అమలాపురం సాత్విక్‌సాయిరాజ్, ముంబై చిరాగ్ శెట్టి డబుల్స్ గెలిచారు. గచ్చిబౌలిలో తయారైన కిదాంబి శ్రీకాంత్ మూడో మ్యాచ్ గెలవడంతో 3-0 అయింది, కప్పు మనదైంది.