బరువు ఎక్కడున్నది?

మేళ్లచెరువు పేరు విన్నారా? హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద కోదాడ వస్తుంది. అక్కడ దిగి దక్షిణంగా వెళితే మేళ్లచెరువు చేరుకోవచ్చు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 నుంచి సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ శంభులింగేశ్వరస్వామి గుడి ఉన్నది. శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. ఆ జాతరలో ఒంగోలు జాతి ఎడ్లు బండరాళ్లు లాగే పందాలు చూడటానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. చుట్టుపక్కల సున్నపురాయి దొరుకుతుంది గనక సిమెంటు ఫాక్టరీలు కూడా వెలిశాయి. మొత్తానికి బరువంటే ఏమిటో బాగా తెలిసిన ఊరు!

ఈ ఊరి బజారులో ఒక టెలివిజను రిపేరు కొట్టు ఉన్నదనుకుందాం. ఒకనాడు ఆ కొట్టు ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో పాతకాలపు టెలివిజను ఉన్నది. వెనక ఎద్దు మూపురం లాగా పెద్ద డొప్ప ఉంటుందే, ఆ రకం. దాన్ని తెచ్చినవాడు సిమెంటు బస్తాలు మోసే హమాలీ. మనిషి కండలు తిరిగి ఉన్నాడు. అతను ఆటోలోకి వంగి, రెండు చేతులూ చాచి, పెట్టెను డొప్ప వైపు నుంచి కావిలించుకుని ఎత్తబోయాడు.

"ఆగన్నా, ఆగు! నడుము పట్టుకుంటది!" అంటూ మెకానిక్కు పరిగెత్తుకు వచ్చాడు.

హమాలీకి నవ్వు వచ్చింది. "నేను మోసే బస్తా ఏబై కిలోలు తమ్ముడూ! ఇదెంత, ఇరవై ఉంటదా?"

"ఇరవయ్యే. కాని ఇది బస్తా కాదన్నా," అన్నాడు మెకానిక్కు.

ఇరవై కిలోలకు భయపడటం ఏమిటని మీకు కూడా అనిపించవచ్చు. కాని మెకానిక్కు అన్నది నిజం.

ఎడ్లబండికి బరువు ఎత్తేటప్పుడు బండివాడు చేసే పని ఎప్పుడైనా గమనించారా? బరువు ఇరుసుకు అటూ ఇటూ సమంగా ఉండేట్టు సర్దుతాడు. అట్లా ఉన్నంతసేపూ ఎడ్ల మెడలకు బాధ లేదు. అవే బస్తాలను బండి ముందు భాగానికి జరిపితే కాడి ఎడ్ల మెడల మీద పడి నొక్కుతుంది. ఒక్క కిలో కూడా అదనంగా వెయ్యలేదు. అయినా ఎడ్లకు మాత్రం బరువు పెరిగిపోయింది!

మన ఒంట్లో ఇరుసు నడుము దగ్గర ఉన్నది. అది వెన్నెముక. మనం ముందుకు తూలిపోకుండా వెన్నెముకను వెనకనుంచి లాగి పట్టే కండరాలున్నాయి. అవి దానికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. చేతులు చాచి పట్టుకున్న టెలివిజను 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనుకోండి. అంటే పదిరెట్ల దూరం. అందుచేత 20 కిలోల పెట్టెను నిలపటానికి ఆ కండరాలు సుమారు 200 కిలోల బలంతో లాగవలసి వస్తుంది. వంగిన మనిషి ఒంటి బరువు దీనికి అదనం. సిమెంటు బస్తా అయితే వీపు మీద, వెన్నెముకకు ఆనుకునే ఉంటుంది గదా! (అంతమాత్రాన బస్తాలు మోయటం సుఖమైన పని అనుకోకండి. మనిషికి హాని కలిగేటంత బరువు ఎవరి చేతా మోయించరాదని 1948 నాటి కర్మాగారాల చట్టం 34వ సెక్షనులోనే రాశారు.)

అమెరికాలో కార్మికుల ఆరోగ్యం గురించి పరిశోధించే ప్రభుత్వ సంస్థ 1991లో దీనికి ఒక లెక్క తయారుచేసింది. అన్నీ అనుకూలంగా ఉండి, బరువు మన చీలమండలకు 25 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటే 23 కిలోల దాకా ఎత్తవచ్చునట. దూరం 50 సెంటీమీటర్లయితే? అందులో సగం, పదకొండున్నర కిలోలు!

ఇది మీరే పరీక్షించి చూడవచ్చు. ఒక చెంబు నిండా నీళ్లు తీసుకోండి. దాన్ని రొమ్ముకు ఆనించి పట్టుకుని యాభై లెక్కపెట్టండి. తరవాత అదే చెంబును చెయ్యి బారజాచి పట్టుకుని యాభై లెక్కపెట్టండి. ఇరవై దాటేసరికే చెయ్యి వణకటం మొదలుపెడితే ఆశ్చర్యపోకండి.

సరే, మరి టెలివిజనులో బరువు ఎక్కడున్నది? డొప్పను చూస్తే అంతా అక్కడే ఉన్నట్టు కనబడుతుంది. కాని అందులో ఉన్నది పిక్చర్ ట్యూబు అనే పెద్ద గాజుబుడ్డి. ఆ బుడ్డిలో ఏమీ లేదు. గాలి కూడా లేదు! ఎలక్ట్రానులు అడ్డంకి లేకుండా తెర దాకా పరిగెత్తాలని లోపలి గాలినంతా తీసేస్తారు. ఇక బయటి గాలి ఊరుకుంటుందా? ప్రతి చదరపు సెంటీమీటరునూ దాదాపు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తెర మీద 1200 కిలోలు! అంటే 24 సిమెంటు బస్తాలు. దాన్ని తట్టుకోవటానికి తెర గాజును బాగా మందంగా పోస్తారు. అదీగాక ఎలక్ట్రానులు వేగంగా తగిలినప్పుడు ఎక్స్-కిరణాలు పుడతాయి. అవి బయటికి రాకుండా ముందు గాజులో బేరియం, స్ట్రాన్షియం, వెనక గాజులో సీసం కలుపుతారు. ఇంత మందపు గాజు తెర వైపున ఉండటం చేత పెట్టె గరిమనాభి, అంటే బరువంతా కూడినట్టుండే చోటు, తెరకు దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు తెలిసిందా హమాలీ చేసిన పొరపాటు? అతను ఖాళీని కావిలించుకుని, బరువును తనకు అందరానంత దూరంలో పెట్టుకున్నాడు.

మెకానిక్కు ఏం చేశాడో చూడండి. ముందు బల్ల మీద సామాను తీసేసి ఒక బొంత పరిచాడు. తోవలో ఉన్న స్టూలును పక్కకు నెట్టాడు. జేబులో కలం తీసి పెట్టాడు. అది తెరను గీకుతుంది. ఆటోలోని పెట్టెను మెల్లగా అంచు దాకా జరిపి, తెర తన వైపు తిరిగేట్టు తిప్పాడు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచకుండా మోకాళ్లు వంచాడు. తెరను రొమ్ముకు ఆనించుకుని, రెండు చేతులూ అడుగుకు పోనిచ్చి, తొడల బలంతో లేచాడు. బల్ల వైపు తిరిగేటప్పుడు నడుము మెలితిప్పలేదు. చిన్న చిన్న అడుగులు వేస్తూ మొత్తం మనిషే తిరిగాడు. ముందు పెట్టె అంచు బల్లకు ఆనించి, ఆ తరవాత లోపలికి నెట్టాడు. ఇంతా చేసి ఇది ఒక్కడు మొయ్యగల పెట్టె. 29 అంగుళాల పెట్టె అయితే 40 కిలోలు దాటవచ్చు, దానికి ఇద్దరుండాలి. జపానులో సోనీ కంపెనీ 1989లో 43 అంగుళాల పెట్టె ఒకటి తయారుచేసింది. దాని బరువు సుమారు 200 కిలోలు! దాన్ని లాగటానికి మేళ్లచెరువు ఎడ్లను పిలవాలేమో.

మోసేటప్పుడు పెట్టె జారితే? జారనివ్వాలి. కాళ్లు తీసుకుని వెనక్కు దూకాలి. టెలివిజను పోతే పోనివ్వండి, దాన్ని పట్టుకోబోయి వేళ్లు నలగగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ట్యూబు పగిలితే బయటి గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతుంది, గాజుముక్కలు ఎగిరి పడతాయి. ఇంకో సంగతి: ప్లగ్గు తీసేసిన తరవాత కూడా ట్యూబులో వేల వోల్టుల విద్యుత్తు నిలవ ఉండవచ్చు. అందుకే వెనక మూత విప్పటం మెకానిక్కు పని, మీ పని కాదు. రాగితీగ కోసం చెత్తకుప్ప మీది ట్యూబును రాళ్లతో కొట్టే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలయింది. ఆ తరవాత చాలా ఏళ్ల పాటు ఇళ్లల్లోకి వచ్చినవన్నీ ఇట్లాటి గాజుబుడ్డి పెట్టెలే. ఇప్పుడు దుకాణాల్లో పలకల్లాటి టెలివిజన్లు అమ్ముతున్నారు. అవి తేలిక, కాని వెడల్పు ఎక్కువ, తెర పలచన. ఇద్దరు చెరొక వైపూ అంచులు పట్టుకుని, నిలువుగానే మొయ్యాలి. తెర మీద వేళ్లు నొక్కరాదు.

మీ తాతగారింట్లో పాత పెట్టె ఇంకా ఉంటే, అది దేని మీద ఉన్నదో చూడండి. సొరుగుల బల్ల మీద ఉంటే వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. పాకే పాపాయి సొరుగు లాగి దాని మీద కాలు పెట్టిందంటే బల్ల ముందుకు వాలుతుంది, ముందే బరువున్న పెట్టె పాపాయి మీదికే వస్తుంది. ఇట్లా పిల్లలు చనిపోయారు కూడా. పొట్టిగా, గట్టిగా ఉన్న బల్ల మీద, గోడ వైపుకు జరిపి పెట్టాలి.

సాయంత్రానికి రిపేరు అయింది. హమాలీ మళ్లీ ఆటో తెచ్చాడు. ఈసారి మోకాళ్లు వంచి, తెరను తన రొమ్ముకు ఆనించుకుని, తనే ఎత్తాడు. పెట్టెను వెనక సీటు మీద పెట్టి, తెరను సీటు వీపుకు ఆనించి, డొప్ప బయటికి ఉండేట్టు తిప్పాడు.

"ఇదేంది, బొమ్మ అటు తిప్పి పెట్టినవు?" అని అడిగాడు ఆటో నడిపే అతను.

"నువ్వు బ్రేకు వేస్తే నీ మీద పడకుండ!" అన్నాడు హమాలీ, పెట్టె పక్కన కూచుంటూ.