గాజుతొట్టిలో ఎన్ని చేపలు?

ఇంటిలో గాజుతొట్టి ఉంచి రంగురంగుల చేపలను పెంచుట పెద్దలకును పిల్లలకును ఇష్టమైన వినోదము. కాని తొట్టి కొన్ననాడే రెండు డజనుల చేపలను అందులో విడుచుటయు, వారము తిరుగకముందే అవి ఒక్కొక్కటిగా చచ్చి తేలుటయు తరచుగా జరుగు సంగతియే. చేపలకు రోగము వచ్చినదని అనుకొందుము. నిజమునకు పెక్కుసార్లు కారణము రోగము కాదు, రద్దీ.

మనవలెనే చేపకును ప్రాణవాయువు కావలెను. నీటిలో కరిగియున్న ఆ వాయువును అది మొప్పలతో గ్రహించును. అయితే నీటిలో అది మిక్కిలి స్వల్పము. లీటరు గాలిలో ప్రాణవాయువు సుమారు 270 మిల్లీగ్రాములుండగా, 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే కరుగును. నీరు 30 డిగ్రీలకు వేడెక్కినచో అది 7.5కు తగ్గును. వేసవిలో తొట్టిచేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుటకు ఇదియొక కారణము.

సంతలో కొరమేను కొద్దిపాటి నీటిలోనే గంటలకొలది బ్రతికియుండుట మనమెరుగుదుము. దానికి గాలిని నేరుగా పీల్చు అవయవము కలదు. గప్పీలకు, బంగారు చేపలకు అట్టి సౌకర్యము లేదు.

ప్రాణవాయువు నీటిలోనికి చేరునది ముఖ్యముగా ఉపరితలమునుండియే. కావున తొట్టిలో నీరెంత యని మాత్రమే గాక, గాలికి తగులు నీటి వైశాల్యమెంత యనియు చూడవలెను. బిందెడు నీటిని వెడల్పైన తొట్టిలో పోసినచో ఎక్కువ చేపలు బ్రతుకును. సన్నని జాడీలో పోసినచో తక్కువ. గుండ్రని గాజుబుడ్డిని మెడవరకు నింపినచో నీరు పెరుగును గాని ఉపరితలము కుంచించుకొనిపోవును.

దీనికొక సులభమైన లెక్క కలదు. గప్పీ, మోలీ వంటి చిన్న చేపలకు, తోకను విడిచి, ప్రతి సెంటీమీటరు పొడవునకు 30 చదరపు సెంటీమీటర్ల ఉపరితలము కావలెను. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టికి ఉపరితలము 1,800 చదరపు సెంటీమీటర్లు. అనగా 60 సెంటీమీటర్ల చేపలు. నాలుగేసి సెంటీమీటర్లవి పదునైదు. కొన్ననాటి పొడవును గాక, పెరిగిన పిదప ఉండు పొడవునే లెక్కింపవలెను. ఈ లెక్క పెద్ద చేపలకు చెల్లదు. పొడవు రెట్టింపైనచో బరువు సుమారు ఎనిమిది రెట్లగును. గప్పీలైతే నెలకొకసారి పిల్లలను పెట్టి తామే తొట్టిని నింపివేయును!

గాలి చాలినంత మాత్రమున సరిపోదు. చేపలు మొప్పలద్వారా అమోనియాను విడుచుచుండును. అది వాటికి విషము. గులకరాళ్ళపైనను, వడపోత సాధనములోను పెరుగు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, పిదప అంత హాని చేయని నైట్రేటుగాను మార్చును. నైట్రైటు కూడ విషమే. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు తగినన్ని వృద్ధియగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. గాలిపంపు ప్రాణవాయువు కొరతను తీర్చునే గాని, ఈ విషమును తొలగింపజాలదు. నీటిమొక్కలు పగలు మేలుచేయును గాని, రాత్రివేళ అవియు ప్రాణవాయువును వాడుకొనును.

కావున మొదట రెండు మూడు చేపలతోనే ప్రారంభింపుడు. మేత కొద్దిగా వేయుడు. వారమునకొకసారి నాలుగవవంతు నీటిని మార్చుడు; క్లోరిను కలిసిన కుళాయినీటిని ఒకరోజు వెడల్పు పాత్రలో నిలువయుంచి పోయుడు. ఆరు వారములైన పిదప కొన్ని కొన్నిగా మిగిలిన చేపలను చేర్చుడు. తెల్లవారుజామున చేపలు నీటిపైన నోళ్ళు తెరచుచున్నచో, తొట్టి నిండినదని గ్రహింపవలెను.