ఎండ వేరు, ఉక్క వేరు: వినోద పార్కులకు వెళ్ళే కుటుంబాలకు కొన్ని జాగ్రత్తలు

వేసవి సెలవులు వచ్చాయంటే నంద్యాల, ఆళ్ళగడ్డల నుండి బస్సులు మాట్లాడుకొని బయలుదేరే ప్రయాణాలు మొదలవుతాయి. కొందరు హైదరాబాదు దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీకి, రావిర్యాలలోని వండర్‌లాకు వెళతారు. కొందరు బెంగళూరు దారి పడతారు. మరికొందరు చెన్నై వెళ్ళి, ముట్టుకాడు దగ్గర ఎం.జి.ఎం. డిజ్జీ వరల్డ్ చూసి, సముద్రంలో కాళ్ళు తడుపుకొని తిరిగి వస్తారు. పిల్లలు ఏడాదంతా ఎదురుచూసే సంతోషం ఇది. వద్దనవలసిన అవసరం లేదు.

అయితే బయలుదేరేటప్పుడు పెద్దలు తరచుగా ఒక మాట అంటారు. "నంద్యాల ఎండకే తట్టుకున్నాం, అక్కడి ఎండ మనల్నేం చేస్తుంది?" ఆ మాటలో సగమే నిజం. మనకు అలవాటైనది పొడి ఎండ. సముద్రతీరంలోనూ, తొలకరి పడిన తరువాత హైదరాబాదులోనూ ఎదురయ్యేది ఉక్క. థర్మామీటరులో అంకె తక్కువగా ఉన్నా ఒంటికి జరిగే హాని ఎక్కువ కావచ్చు. ఎందుకో తెలిస్తే జాగ్రత్తలు వాటంతట అవే గుర్తుంటాయి.

కుండ నేర్పే పాఠం

మన ఇళ్ళలో కుండ నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండకు కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో నుండి నీరు బయటికి ఊరి, గాలికి ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు కుండలోని వేడిని తీసుకొనిపోతుంది. మే నెలలో గాలి పొడిగా ఉంటుంది గనుక కుండ నీళ్ళు హాయిగా ఉంటాయి. ముసురు పట్టిన రోజున అదే కుండ అంత చల్లబడదు. అప్పటికే తేమతో నిండిన గాలి ఇంకా తేమను అంతగా తీసుకోలేదు. గదిలోని కూలరు సంగతీ అంతే. నంద్యాలలో చల్లగా వీచే కూలరు చెన్నైలో జిడ్డు గాలి విసురుతుంది.

మన శరీరం కూడా ఒక కుండ వంటిదే. ఒక లీటరు చెమట ఒంటి మీదనే పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి బయటికి పోతుంది. అదే చెమట ఆవిరి కాకుండా బొట్లు బొట్లుగా నేల మీద పడితే ఒంటి వేడి దాదాపు ఏమీ తగ్గదు. నీరూ ఉప్పూ మాత్రం పోతాయి.

థర్మామీటరు కొనకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే, చెమట ఎంతవరకు చల్లబరచగలదో తెలుస్తుంది. 42 డిగ్రీల ఎండ ఉండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే ఆ తడిగుడ్డ థర్మామీటరు సుమారు 24 డిగ్రీలు చూపుతుంది. ఎండ 35 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం ఉంటే అది సుమారు 29 డిగ్రీలు చూపుతుంది. అంటే 42 డిగ్రీల నంద్యాలలో చల్లబడినంత సులువుగా 35 డిగ్రీల తీరంలో మన శరీరం చల్లబడలేదు.

దీనిని అనుభవంతో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. మన జిల్లాలోనే కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని గురించి రాశాడు. 2002 నుండి సందర్శకులను అనుమతిస్తున్నారు. లోపల ఎండ అన్నదే లేదు. అయినా కొంతదూరం నడిచేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకొంటుంది. అక్కడ మనలను ఇబ్బంది పెట్టేది గాలిలోని తేమే.

అలవాటు ఎంతవరకు కాపాడుతుంది?

ఆళ్ళగడ్డలో రాతిశిల్పాలు చెక్కేవారు వేసవిలోనూ పని ఆపరు. వేడిలో పనిచేయగా చేయగా, ఒకటి రెండు వారాలలో శరీరం అలవాటు పడుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. చెమటలో ఉప్పు తక్కువగా పోతుంది. ఇది నిజమైన రక్షణే. కాని మూడు సంగతులు మరచిపోకూడదు. ఆ అలవాటు రోజూ ఎండలో పనిచేసేవారికే గాని, ఫ్యాను కింద సెలవులు గడిపిన పిల్లలకు, ఆఫీసులో కూర్చునేవారికి ఉండదు. ఎంత అలవాటున్నవారికైనా ఉక్కలో చెమట ఆరదు. పైగా చెమట బాగా పట్టేవారికి నీరు కూడా ఎక్కువగా పోతుంది.

ఇది కేవలం పుస్తకాల మాట కాదు. 2015 మే నెలలో వడగాలులకు మన రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. అది పొడి ఎండ చేసిన హాని. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో మిట్టమధ్యాహ్నం ఆరుబయట జరిగిన సభలో వడదెబ్బ తగిలి 14 మంది మరణించారు. ఆనాటి ఎండ 38 డిగ్రీలే. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరంలో విమాన ప్రదర్శన చూడడానికి లక్షలమంది వచ్చారు. ఎండకు, ఉక్కకు, జనం ఒత్తిడికి సొమ్మసిల్లి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. ఐదుగురు చనిపోయారు. వీరంతా ఏదో కష్టమైన పనికి వెళ్ళినవారు కారు. సంతోషంగా సభకు, ప్రదర్శనకు వెళ్ళినవారే.

ప్రయాణంలోనే మొదలయ్యే పొరపాట్లు

పార్కులో సొమ్మసిల్లే వారిలో చాలామందికి ఇబ్బంది ముందురోజు రాత్రే మొదలవుతుంది. రాత్రి బస్సులో నిద్ర ఉండదు. దారిలో మరుగుదొడ్డి దొరకదని స్త్రీలు నీళ్ళు తాగడం మానేస్తారు. ఉదయం కాఫీతో సరిపెట్టి గేటు ముందు వరుసలో నిలబడతారు. అంటే ఎండ ఎక్కకముందే శరీరంలో నీరు తక్కువ, అలసట ఎక్కువ.

కాబట్టి బృందాన్ని తీసుకొని వెళ్ళే పెద్దలు రెండు మూడు గంటలకు ఒకసారి, మరుగుదొడ్డి ఉన్నచోట బస్సు తప్పక ఆపించాలి. వీలైతే చేరుకున్న తరువాత ఒక పూట విశ్రాంతి తీసుకొని పార్కుకు వెళ్ళాలి. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నవారిని ఆ రోజుకు బయలుదేరదీయకూడదు. టిక్కెట్టు డబ్బు పోతుందని మొహమాటపడవద్దు.

ఎండ ఒకరకం, ఉక్క ఒకరకం: చల్లబడే ఉపాయాలు

పొడి ఎండలో తడిబట్ట గొప్ప స్నేహితుడు. తువ్వాలు తడిపి తలకు, మెడకు చుట్టుకొంటే నీరు ఆవిరై వేడిని తీసుకొనిపోతుంది. 40 డిగ్రీలు దాటినప్పుడు పొడి ఒంటి మీద ఫ్యాను గాలి మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది. అది వేడిగాలినే ఒంటికి కొడుతుంది. ఒంటిని తడిపి ఫ్యాను కింద కూర్చోవాలి.

ఉక్కలో తడిబట్ట ఒక్కటే చాలదు. అక్కడ మూడు పనులు చేయాలి.

మొదటిది, గాలి ఆడేచోటు వెదకాలి. 35 డిగ్రీల ఉక్కలో ఫ్యాను బాగా పనిచేస్తుంది. నాలుగు వైపులా మూసి ఉన్న వరుసలో గంటసేపు నిలబడడంకన్నా, రద్దీ తగ్గాక వెళ్ళడం మంచిది.

రెండవది, చల్లని నీటిని నేరుగా ఒంటికి తగలనివ్వాలి. చెమట ఆరకపోయినా, ఒంటికన్నా చల్లగా ఉన్న నీరు వేడిని పీల్చుకొంటుంది. మోచేతుల వరకు చేతులను కొళాయి కింద పది నిమిషాలు ఉంచినా హాయి తెలుస్తుంది. నీటి ఆటలను మధ్యాహ్నం 12 నుండి 4 గంటల మధ్యకు పెట్టుకొని, ఎండలో తిరిగే ఆటలను ఉదయానికి, సాయంత్రానికి మార్చుకోండి.

మూడవది, రెండు గంటలకు ఒకసారి ఏ.సి. హాలులోనో, చల్లని నీడలోనో అరగంట కూర్చోవాలి.

బట్టలు వదులుగా, లేతరంగులో, నూలువై ఉండాలి. చాలా పార్కులలో నీటి ఆటలకు నైలాను దుస్తులే అనుమతిస్తారు. నీటిలో నుండి రాగానే వాటిని మార్చుకోండి. నీటిలో ఉన్నంతసేపు దాహం తెలియదు గాని, ఎండ చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. టోపీ, గొడుగు మరవవద్దు.

ఏమి తాగాలి?

దాహం వేసేవరకు ఆగవద్దు. ఎండలో తిరిగేటప్పుడు ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్ళు చొప్పున తాగండి. ఒక్కసారిగా లీటర్లకొద్దీ మంచినీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలుచబడి ప్రమాదం రావచ్చు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరినీళ్ళు, ఇంటి నుండి వెళ్ళే ముందు రాగి అంబలి ఎంతో మంచివి. మన ప్రాంతంలో అందరికీ ఇష్టమైన నన్నారి షర్బత్తులో చక్కెర ఎక్కువ, ఉప్పు ఉండదు. కాబట్టి అది సరదాకే గాని మందుకు బదులు కాదు. మద్యం తాగి ఎండలో తిరగడం అసలే కూడదు.

చెమట బాగా పోయినప్పుడు ఓ.ఆర్.ఎస్. తాగవచ్చు. ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపండి. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకొని అమ్మిన తియ్యని పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో లేని పానీయాలకు ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. కొనేముందు చీటీ చదవండి.

గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత నీరు తాగాలో తమ డాక్టరును ముందుగా అడగాలి. బి.పి.కి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారికి వడదెబ్బ భయం ఎక్కువ. అలాగని మందులు సొంతంగా మానకండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన బస్సులో వదలవద్దు. చిన్నపిల్లలను పది నిమిషాలకైనా మూసిన వాహనంలో ఉంచవద్దు. ఆ కొద్దిసేపటిలోనే లోపలి వేడి 10 డిగ్రీల వరకు పెరగవచ్చు.

ప్రమాద సూచనలు, ప్రథమ చికిత్స

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కాళ్ళ పిక్కలు పట్టడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం, వచ్చినా ముదురు పసుపుగా ఉండడం మొదటి హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి, పడుకోబెట్టి, కాళ్ళు కొంచెం ఎత్తుగా ఉంచి, బట్టలు వదులుచేసి, కొద్దికొద్దిగా ఓ.ఆర్.ఎస్. ఇవ్వండి. అరగంటలో తేరుకోకపోతే డాక్టరుకు చూపించాలి.

మాట తడబడడం, పొంతన లేకుండా మాట్లాడడం, మూర్ఛ, స్పృహ తప్పడం, ఒళ్ళు కాలిపోవడం వడదెబ్బ లక్షణాలు. చెమట పడుతోంది గదా అని ధైర్యపడవద్దు. వడదెబ్బలో చెమట ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఒకరు 108కు ఫోను చేస్తుండగా, మిగిలినవారు అక్కడికక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. ఒంటినిండా నీళ్ళు పోసి విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు పెట్టండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. స్పృహ సరిగా లేనివారి నోటిలో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తులలోకి పోతాయి. జ్వరం మాత్రలు ఈ వేడిని తగ్గించవు.

బృందంలో ఒక పెద్ద మనిషికి ఒక పని అప్పగించండి. గంటకొకసారి తలలు లెక్కపెట్టి, ఎవరు నీళ్ళు తాగారు, ఎవరు మూత్రానికి వెళ్ళలేదు, ఎవరు మాటలు తగ్గించి ఒక మూల కూర్చున్నారు అని చూడడమే ఆ పని. నలతగా ఉన్న బిడ్డ రైడు తప్పిపోతుందని నోరు విప్పడు. మనమే వెళ్ళి అడగాలి.